తప్పు చేసే హక్కు డబ్బున్న పిల్లలకేనా?

మీ అమ్మాయి ఏ బ్రాంచిలో చేరుతోందని అడిగితే ఠక్కున చెబుతారు. ఏ కాలేజీ అంటే ఛాతీ విరుచుకుని చెబుతారు. నాలుగేళ్లకూ కలిపి ఎంతవుతుంది, అందులో సర్కారు ఎంత ఇస్తుంది, అది సమయానికి రాకపోతే ఎవరు కడతారు, రెండో సెమిస్టర్‌కల్లా ఆ బ్రాంచి తనకు పడదని పిల్ల ఏడిస్తే ఎటు మారే వీలుంది అని అడిగితే మాత్రం నోరు పెగలదు. "అదంతా చూసుకుంటారులెండి" అంటారు. ఎవరు చూసుకుంటారు? ఫీజు రసీదు తప్ప మరేమీ ఇవ్వని యాజమాన్యమా? బకాయిలు పేర్చిన ప్రభుత్వమా? మీ ఇంటికొచ్చి టీ తాగి వెళ్లిన కాలేజీ పీఆర్వోనా?

ఎవరూ చూసుకోరు.

సంతలో గేదెను కొనేటప్పుడు పళ్లు చూస్తాం, పొదుగు చూస్తాం, ఎన్నో ఈతో అడుగుతాం, పాలు పిండి చూసిగానీ డబ్బు చేతిలో పెట్టం. పిల్లల నాలుగేళ్ల బతుకునూ, ఇంటిల్లిపాది పదేళ్ల కష్టాన్నీ ఒక కాలేజీ కోడ్‌కు రాసిచ్చేటప్పుడు మాత్రం హోర్డింగ్ చూస్తాం. హైవే పక్కన నిలబెట్టిన ఆ హోర్డింగ్ మీద ఒకే ఒక్క కుర్రాడి ఫొటో, వాడికొచ్చిన ప్యాకేజీ. వాడి పక్కన బెంచీల మీద కూర్చుని చదివిన మిగతా వాళ్లంతా ఏమయ్యారో హోర్డింగ్ చెప్పదు. మనం అడగం.

నేను చెప్పదలచుకున్నది ఒకటే. తెలుగు రాష్ట్రాల్లో కాలేజీ ఎంపికంటే ర్యాంకుల గొడవ, బ్రాంచిల గొడవ అయిపోయింది. అసలు గొడవ వేరే ఉంది. పదిహేడేళ్ల పిల్ల ఒక తప్పు నిర్ణయం తీసుకుంటే దాని ఖరీదెంత? ఆ ఖరీదు ఎవరు చెల్లించాలి? ఫీజు సాయం ఒక సంగతి, చదువు మార్చుకునే వెసులుబాటు ఇంకో సంగతి అని మనల్ని నమ్మించారు. రెండూ ఒకటే. సాయం అందనివాడికి మారే దారి లేదు. సాయం అందినవాణ్ని ఆ సాయమే కాళ్లకు బంధం వేసి కూర్చోబెడుతోంది. ఇక మారే స్వేచ్ఛ నిక్షేపంగా ఉన్నది డబ్బున్న ఇళ్లలోనే. ఇది అన్యాయం. దీన్ని అన్యాయమని అనడానికి కూడా ఎవరికీ నోరు రావడం లేదు కాబట్టి నేను అంటున్నాను.

ముందు డబ్బు సంగతి తేల్చుకుందాం. 2008 ప్రాంతంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వైఎస్ రాజశేఖరరెడ్డి ప్రభుత్వం ఫీజు రీయింబర్స్‌మెంటును బీసీలకూ, ఆర్థికంగా వెనకబడిన వాళ్లకూ విస్తరించింది. తాపీ మేస్త్రీ కూతురు కంపెనీ బస్సెక్కింది. కౌలు రైతు కొడుకు మొదటి జీతంతో ఇంటి అప్పు తీర్చాడు. ఆ పథకాన్ని ఎవరు తూలనాడినా నేను ఊరుకోను. "ఊరికే చదివిస్తే విలువ తెలియదండీ" అని సోఫాల్లో కూర్చుని నీతులు చెప్పే పెద్దమనుషుల్లో చాలామంది ఊరికే చదివినవాళ్లే. ప్రభుత్వ యూనివర్సిటీల్లో నామమాత్రపు ఫీజుకు, జనం పన్నుల మీద డిగ్రీలు సంపాదించి పైకొచ్చినవాళ్లే. అదే సౌకర్యం కూలివాడి కొడుక్కి దక్కేసరికి వీళ్లకు కడుపుమంట.

అయితే ఆ పథకానికి దండం పెట్టుకుని కూర్చునే రోజులు పోయాయి. తెలంగాణ లెక్క చూడండి. ఇంజనీరింగ్ ప్రవేశపరీక్ష ఎప్‌సెట్‌లో పది వేల లోపు ర్యాంకు వస్తేనే బీసీ, ఈబీసీ పిల్లలకు పూర్తి ఫీజు. ఆ గీత దాటితే ఏడాదికి 35 వేలే. ఎస్సీ, ఎస్టీ పిల్లలకు ర్యాంకుతో పనిలేకుండా పూర్తి ఫీజు ఉంది. కాలేజీల ఫీజులేమో 45 వేల దగ్గర మొదలై లక్షన్నర దాటిపోయాయి. పన్నెండు వేల ర్యాంకు వచ్చిన ఒక చేనేత కార్మికుడి కూతురు లక్ష రూపాయల ఫీజున్న కాలేజీలో చేరిందనుకుందాం. సర్కారు వాటా 35 వేలు. ఇంటి వాటా 65 వేలు. నాలుగేళ్లకు 2 లక్షల 60 వేలు. హాస్టలు, బస్సు, పరీక్ష ఫీజులు దీనికి అదనం. అదే పిల్ల 45 వేల ఫీజున్న కాలేజీలో చేరితే ఇంటి మీద పడేది ఏడాదికి 10 వేలు. నాలుగేళ్లకు 40 వేలు. తేడా 2 లక్షల 20 వేలు. మగ్గం మీద అంత డబ్బు పుట్టాలంటే ఎన్ని చీరలు నేయాలో ఆ తండ్రికి తెలుసు. ఆ 2 లక్షల 20 వేలకు బదులుగా పెద్ద కాలేజీ ఆ పిల్లకు అదనంగా ఏమిస్తోందో చెప్పే దమ్ము ఏ ప్రిన్సిపాల్‌కైనా ఉందా? ఇస్తే ఇవ్వొచ్చు. మంచి లాబులు ఉండొచ్చు, మంచి మేష్టర్లు ఉండొచ్చు. కానీ ఈ లెక్క కాగితం మీద వేసుకున్న ఇల్లు మీ వీధిలో ఎన్ని ఉన్నాయి?

ఇదంతా సర్కారు తన వాటా సమయానికి ఇస్తేనే. ఇవ్వడం లేదు. 2025 నవంబర్ 3 నుంచి తెలంగాణలో ప్రైవేటు కాలేజీలు ఫీజు బకాయిల కోసం తలుపులు మూసి బందుకు దిగాయి. సర్కారుకూ యాజమాన్యాలకూ మధ్య పంచాయితీ. నలిగింది పిల్లలు. ఆంధ్రప్రదేశ్‌లో ఒక ప్రభుత్వం ఆ డబ్బును తల్లుల ఖాతాల్లో వేస్తామంది. 2024లో వచ్చిన ప్రభుత్వం మళ్లీ కాలేజీ ఖాతాల్లోనే వేస్తామంది. జెండా మారింది, ఖాతా మారింది, పథకం పేరు మారింది. బకాయి మాత్రం చెక్కు చెదరలేదు. ఓట్ల కోసం నొక్కే బటన్లు, వేదికల మీద చూపించే భారీ చెక్కులు, పేపర్లలో నిలువెత్తు ప్రకటనలు, వీటన్నిటికీ ఖజానాలో డబ్బుంటుంది. చదువుకునే పిల్ల ఫీజు దగ్గరికొచ్చేసరికి ఖజానా ఖాళీ.

ఆ బకాయి చివరికి ఎక్కడ తేలుతుందో తెలుసా? కాలేజీ ఆఫీసు కిటికీ దగ్గర. నాలుగేళ్లు చదివి, ఉద్యోగం తెచ్చుకుని, చేరడానికి వారం గడువున్న కుర్రాడు తండ్రిని వెంటబెట్టుకుని అక్కడ నిలబడతాడు. టీసీ, మెమోలు, పదో తరగతి ఒరిజినల్ కావాలి. లోపల కూర్చున్న గుమాస్తా రిజిస్టరు తీసి, హాల్‌టికెట్ నంబరు వెంట వేలు పోనిచ్చి, తలెత్తకుండా చెబుతాడు: "థర్డ్ ఇయరుది, ఫోర్త్ ఇయరుది పడలేదు. కట్టేసి తీసుకుపొండి. గవర్నమెంటు వేశాక మీకు రిటర్న్ చేస్తాం." తండ్రి చేతులు జోడిస్తాడు. "సార్, పిలగాడు డ్యూటీల చేరాలె సార్, గవర్నమెంటుది మీకు ఎట్లయినా వస్తది గద సార్." కిటికీ అవతల జవాబుండదు. ఆ సాయంత్రమే నూటికి మూడు రూపాయల వడ్డీకి నోటు రాసి డబ్బు తెస్తాడు. సర్కారు ఎగ్గొట్టిన బాకీకి కూలివాడు వడ్డీ కడుతున్నాడు. ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీలు తమ దగ్గర అట్టిపెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే నోటిఫికేషన్ ఇచ్చింది. కాగితం మీద ఆ మాట ఉంది. కిటికీ దగ్గర ఆ మాట చెల్లదు. అది చెల్లేలా చూడాల్సిన అధికారులు కాలేజీ వార్షికోత్సవాలకు ముఖ్య అతిథులుగా వెళ్లి శాలువాలు కప్పించుకుంటున్నారు.

ఇక యాజమాన్యాలు తామే ఇచ్చే "స్కాలర్‌షిప్" ఉంది. ఇది ఈ మధ్య బాగా బలిసిన దందా. సొంత ప్రవేశపరీక్ష పెడతారు. రాసిన ప్రతివాడికీ ఏదో ఒక మెరిట్ స్లాబు. "కంగ్రాట్స్ అండీ, మీ బాబుకు యాభై శాతం స్కాలర్‌షిప్ వచ్చింది, మూడు రోజుల్లో సీటు బ్లాక్ చేసుకోండి" అని ఫోను. తల్లిదండ్రులు పొంగిపోయి బంధువులందరికీ మెసేజీలు పెడతారు. ముందు ఫీజు రెట్టింపు చేసి తర్వాత సగం తగ్గిస్తే దాన్ని సాయం అనరు, బేరం అంటారు. ఆ బేరం కూడా మొదటి ఏడాదికే. రెండో ఏడాది కొనసాగాలంటే ఇంత సీజీపీఏ ఉండాలి, ఒక్క సబ్జెక్టు కూడా తప్పకూడదు, హాజరు ఇంత శాతం ఉండాలి అని అడ్మిషన్ ఫారం వెనక చిన్న అక్షరాల్లో ఉంటుంది. తెలుగు మీడియంలో చదివి వచ్చిన పిల్లాడు మొదటి సెమిస్టర్‌లో మ్యాథ్స్ ఒక్కటి తప్పాడంటే స్కాలర్‌షిప్ ఎగిరిపోతుంది, పూర్తి ఫీజు నెత్తిన పడుతుంది. అప్పటికి మిగతా కాలేజీల్లో సీట్లన్నీ నిండిపోయి ఉంటాయి. ఎక్కడికి పోతాడు?

ఎక్కడికీ పోలేడని తెలిసే ఆ షరతు పెట్టారు.

ఇప్పుడు రెండో సంగతి. మారే స్వేచ్ఛ.

మండల కేంద్రంలో బస్టాండు ఎదురుగా ఉన్న నెట్ సెంటర్‌కు వెబ్ ఆప్షన్లు పెట్టే వారంలో ఒక్కసారి వెళ్లి కూర్చోండి. మన సమాజం పిల్లల భవిష్యత్తును ఎంత తేలిగ్గా తీసుకుంటుందో కళ్లారా చూడొచ్చు. చేతిలో ర్యాంకు కార్డు, ఫోనులో ఓటీపీ పట్టుకుని తండ్రీ కూతుళ్లు వరసలో ఉంటారు. కంప్యూటరు ముందున్న కుర్రాడు ఒక్కో అభ్యర్థికి ఇంత అని తీసుకుంటాడు. "ఏ బ్రాంచి?" అంటాడు. "సీఎస్‌ఈ" అంటాడు తండ్రి. "అది రాకపోతే?" "సీఎస్‌ఈలోనే వేరేవి పెట్టు బాబూ." ఏఐ అండ్ ఎంఎల్, డేటా సైన్స్, సైబర్ సెక్యూరిటీ, ఐఓటీ... కుర్రాడి వేళ్లు టకటకా పోతుంటాయి. కుర్చీ వెనక నిలబడ్డ పిల్ల ఒక్క మాట మాట్లాడదు. ఆమెను ఎవరూ అడగరు. బహుశా ఆమెకు బయాలజీ అంటే ఇష్టం. బహుశా ఇళ్లు కట్టడమంటే ఇష్టం. అసలు తనకేది ఇష్టమో తెలుసుకునే అవకాశమే రెండేళ్ల ఇంటర్లో ఆమెకు దొరకలేదు. పొద్దున్న స్టడీ అవర్ నుంచి రాత్రి స్టడీ అవర్ దాకా బిట్లు, బిట్లు, బిట్లు. పావుగంటలో సేవ్ కొడతారు. ఆ పావుగంట నాలుగేళ్లను తేల్చేస్తుంది.

తెలంగాణలో ఇంజనీరింగ్ సీట్లలో దాదాపు మూడింట రెండు వంతులు కంప్యూటర్ సైన్స్, దాని అనుబంధ బ్రాంచిలవే. 2024-25 నుంచి ఒక బ్రాంచిలో ఇన్ని సీట్లే అన్న పరిమితిని కూడా సాంకేతిక విద్యను నియంత్రించే ఏఐసీటీఈ ఎత్తేసింది. కాలేజీలు సివిల్, మెకానికల్ సీట్లు వదులుకుని సీఎస్‌ఈ సెక్షన్లు పెంచుకున్నాయి. చెప్పడానికి అధ్యాపకులున్నారా? నిన్నటిదాకా ఇతర బ్రాంచిల్లో పాఠాలు చెప్పినవాళ్లకు ఒక సర్టిఫికెట్ కోర్సు చేయించి ఏఐ క్లాసుకు పంపుతున్న చోట్లు నాకు తెలుసు. మీకూ తెలుసు. తెలిసీ పిల్లల్ని అక్కడికే తోలుతున్నారు.

సరే, చేరింది. రెండు సెమిస్టర్లు గడిచాక ఇది తనవల్ల కాదని అర్థమైంది. మారొచ్చా? ప్రవేశాల ప్రక్రియ ముగిశాక బ్రాంచి మార్పు ఉండదని జేఎన్‌టీయూ నిబంధనల్లో నిక్కచ్చిగా రాసి ఉంది. ఒక్క మాటలో తలుపు మూసేశారు. 2020 జాతీయ విద్యావిధానం చూస్తే అంతా స్వేచ్ఛే: ఎప్పుడైనా చేరొచ్చు, ఎప్పుడైనా వెళ్లొచ్చు, క్రెడిట్లను బ్యాంకులో దాచుకోవచ్చు, ఆర్ట్స్‌కూ సైన్స్‌కూ మధ్య గోడలుండవు. దిల్లీలో గోడలు కూల్చేశామని సభలు పెట్టారు. జేఎన్‌టీయూ ఉన్న కూకట్‌పల్లిలో గోడ అలాగే ఉంది.

ఎలక్టివ్‌లు ఉన్నాయి కదా అంటారు. సిలబస్ పుస్తకం తెరిస్తే ప్రతి ప్రొఫెషనల్ ఎలక్టివ్ కింద నాలుగైదు సబ్జెక్టుల పేర్లుంటాయి. చూడముచ్చటగా ఉంటుంది. క్లాసులో జరిగేది వేరు. డిపార్ట్‌మెంటు ఆఫీసు నుంచి ఫారం వస్తుంది, ఒక సబ్జెక్టు దగ్గర ముందే టిక్కు పెట్టి ఉంటుంది, సెక్షన్ మొత్తం దానికింద సంతకాలు చేస్తుంది. ఎందుకంటే అది చెప్పడానికే మనిషి ఉన్నాడు. మైనర్ డిగ్రీ అని మరొకటి చూపిస్తారు. అదనంగా 18 నుంచి 20 క్రెడిట్లు చేస్తే ఇంకో శాఖలో మైనర్ ఇవ్వొచ్చని ఏఐసీటీఈ చెప్పింది. మంచిదే. కానీ మీ కాలేజీలో పోయినేడాది ఎంతమంది మైనర్ పూర్తిచేశారో అడిగి చూడండి. జవాబు రాకముందే సంభాషణ ప్లేస్‌మెంట్ల మీదకు మళ్లుతుంది.

ఇప్పుడు ఈ రెండు సంగతులనూ పక్కపక్కన పెట్టి చూడండి. అసలు ఘోరం అప్పుడు కనిపిస్తుంది. కౌన్సెలింగ్ ముగిశాక మిగిలిన సీట్లకు జరిగే స్పాట్ అడ్మిషన్‌లో చేరితే ఫీజు రీయింబర్స్‌మెంటు రాదు. తెలంగాణలో 2024 వరకు, అదే కాలేజీలో ఖాళీగా ఉన్న మరో బ్రాంచిలోకి జరిగితే కూడా రీయింబర్స్‌మెంటు పోయేది. కుర్చీ మారితే సాయం కట్! ఆ ఏడాది ఆ ప్రక్రియను ప్రభుత్వ ప్రవేశాల కన్వీనరే చేపట్టాక ఆ దుర్మార్గం ఆగింది. ఇన్నేళ్లపాటు ఎంతమంది పిల్లలు ఇష్టమైన బ్రాంచి ఖాళీగా కళ్లముందు కనబడుతున్నా డబ్బు పోతుందన్న భయంతో కదలకుండా కూర్చున్నారో ఏ లెక్కల్లోనూ దొరకదు. ఇంకా పైకి పోదాం. ఎస్సీ విద్యార్థుల పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ నిబంధనల్లో చాలాకాలంగా ఒక షరతు ఉంది: ప్రభుత్వ ముందస్తు అనుమతి లేకుండా సబ్జెక్టు మార్చినా, కాలేజీ మార్చినా స్కాలర్‌షిప్ రద్దు చేయొచ్చు. ఒక డిగ్రీ పాసయ్యాక అదే స్థాయిలో ఇంకో సబ్జెక్టు చదువుతానంటే సాయం ఉండదు.

పేదవాడా, నీకు సాయం చేస్తాం, కానీ నీ మనసు మారడానికి వీల్లేదు. ఈ షరతు చెబుతున్నది అదే.

మరి డబ్బున్నవాడి సంగతి? వాడి కొడుక్కి సీట్లలో 30 శాతం యాజమాన్య కోటా ఉంది. ఈ ఏడాది నచ్చకపోతే ఇంకో ఏడాది లాంగ్‌టర్మ్ కోచింగ్ ఉంది. ఇంజనీరింగ్ నచ్చకపోతే మధ్యలో మానేసి లిబరల్ ఆర్ట్స్ యూనివర్సిటీలో చేరొచ్చు. ఇంకా ఉంటే అమెరికా పంపొచ్చు. అక్కడ ఎంఐటీ లాంటి చోట మొదటి ఏడాది పిల్లలు ఏ శాఖకూ చెందరు. ఏడాదంతా అన్నీ రుచి చూసి తర్వాత మేజర్ ప్రకటిస్తారు. ఇలాంటి చోట పిల్లల్ని చదివించుకుని, అక్కడి పద్ధతి గొప్పదని ఇక్కడికొచ్చి ఉపన్యాసాలిచ్చే మన కాలేజీల యజమానులు తమ సొంత కాలేజీల్లో ఒక్క పిల్లను ఒక్క బ్రాంచి మారనివ్వరు. సొంత బిడ్డకొక న్యాయం, ఊరి బిడ్డకొక న్యాయం. ఇంతకంటే సిగ్గుమాలిన పని ఇంకోటి ఉందా?

"పదిహేడేళ్లొచ్చాక కూడా తనకేం కావాలో తెలియకపోతే ఎలా?" అని అడిగే మహానుభావులకు ఒక మాట. ఐదేళ్లలో మూడు పార్టీలు మారిన ఎమ్మెల్యే ఇంటికొస్తే పూలదండ వేస్తారు. రెండేళ్లకో కంపెనీ మారే ఉద్యోగిని తెలివైనవాడంటారు. ఒక పిల్ల జన్మలో ఒక్కసారి బ్రాంచి మారతానంటే మాత్రం మీకు క్రమశిక్షణ గుర్తొస్తుంది, నిలకడ గుర్తొస్తుంది, వంశం పరువు గుర్తొస్తుంది. మీ నిలకడ మీ దగ్గరే ఉంచుకోండి. పదిహేడేళ్లకు తెలియకపోవడం సహజం. తెలుసుకోవడానికే కాలేజీ.

"అందరూ మారతామంటే వ్యవస్థ కుప్పకూలిపోదా?" అని ఇంకో వాదన. కుప్పకూలదు. రుజువు మన గడప దగ్గరే ఉంది. 2008లో ఏర్పడిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయాలు చూడండి. జనం ట్రిపుల్ ఐటీలంటారు. బాసర, నూజివీడు, ఇడుపులపాయ, తర్వాత వచ్చిన ఒంగోలు, శ్రీకాకుళం. పదో తరగతి మార్కులతో ఊళ్ల నుంచి వచ్చిన పిల్లలు అక్కడ మొదటి రెండేళ్లు పీయూసీ చదువుతారు. బ్రాంచి కేటాయింపు ఆ తర్వాతే. అక్కడా మార్కుల పోటీ ఉంది. అక్కడి మెస్సుల గురించి, సిబ్బంది కొరత గురించి రాయాల్సింది చాలా ఉంది. అయినా ఒక సంగతి మాత్రం తేలిపోయింది: ప్రభుత్వ బడి పిల్లలకు కూడా, చేరీ చేరగానే బ్రాంచి మెడకు కట్టకుండా చదువు చెప్పొచ్చు. సర్కారే చేసి చూపించింది. మిగతా చోట్ల చేయకపోవడానికి కారణం చేతకాకపోవడం కాదు, చేయాలన్న మనసు లేకపోవడం. బ్రాంచి మార్పు వద్దనడంలో లాభం ఎవరిదో చూస్తే చాలు. గిరాకీ లేని సెక్షన్లో పిల్ల నాలుగేళ్లు కదలకుండా కూర్చుంటే ఫీజు ఖాయం.

సాయం ఎలా ఇవ్వాలో ఐఐటీల్లో చూడండి. ఫీజు ఏడాదికి 2 లక్షలు. కానీ ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ విద్యార్థులకు ట్యూషన్ ఫీజు పూర్తిగా మాఫీ. కుటుంబ ఆదాయం లక్ష లోపుంటే ఏ కులమైనా పూర్తి మాఫీ. లక్ష నుంచి 5 లక్షల మధ్య ఉంటే మూడింట రెండు వంతులు మాఫీ. ఇది ర్యాంకును బట్టి, బ్రాంచిని బట్టి ఇచ్చేది కాదు, ఇంటి పరిస్థితిని బట్టి ఇచ్చేది. ఫీజు ఎక్కువని భయపడి ఐఐటీ, ఎన్ఐటీ సీటు వదులుకుని, ఊరి దగ్గర కాలేజీలో అంతకంటే ఎక్కువ కట్టిన ఇళ్లు ఉన్నాయి. వాళ్లకు ఈ నాలుగు వాక్యాలు చెప్పిన లెక్చరర్ ఒక్కడూ లేడు. కార్పొరేట్ కాలేజీలు లక్షలు గుంజి నేర్పింది ర్యాంకు తెచ్చుకోవడం. తెచ్చుకున్న ర్యాంకుతో ఏం చేయాలో నేర్పలేదు.

ఇక మీతో నేరుగా మాట్లాడతాను. మీరు తండ్రయినా, తల్లయినా, రేపు ఆప్షన్లు పెట్టుకోబోయే విద్యార్థయినా సరే, కోపం వస్తే రానివ్వండి, చదవడం మాత్రం ఆపకండి.

హోర్డింగ్ వదిలేయండి. కేంద్రం ఇచ్చే ఎన్ఐఆర్ఎఫ్ ర్యాంకింగులో పాల్గొనే ప్రతి కాలేజీ తాను సమర్పించిన వివరాలను తన వెబ్‌సైట్‌లో పెట్టాలి. ఆ పత్రం తీయండి. అందులో మూడు చోట్ల వేలు పెట్టి చూడండి. ఎంతమందికి ఉద్యోగాలొచ్చాయి, వాళ్ల మధ్యస్థ జీతమెంత అన్నది మొదటిది. హోర్డింగ్ మీది అంకెకూ ఈ అంకెకూ ఉన్న దూరం చూస్తే మీకే కళ్లు తిరుగుతాయి. ప్రభుత్వం నుంచి పూర్తి ఫీజు సాయం పొందుతున్నవాళ్లెందరు అన్నది రెండోది. కాలేజీ తన సొంత డబ్బుతో పూర్తి ఫీజు భరించి చదివిస్తున్న పిల్లలెందరు అన్నది మూడోది. ఆ మూడో గడిలో ఉన్న అంకెను బట్టి ఆ యాజమాన్యం ఎలాంటిదో మీకు తెలిసిపోతుంది. విద్యాదానం గురించి వేదికలెక్కి మాట్లాడేవాళ్ల దాతృత్వం ఎంతో ఆ గడి చెబుతుంది.

అప్పు చేయక తప్పదంటే వడ్డీవ్యాపారి గడప తొక్కేముందు బ్యాంకుకు వెళ్లండి. 2024 నవంబర్‌లో కేంద్రం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి పథకం కింద ఎంపికచేసిన సంస్థల్లో సీటొస్తే తాకట్టు లేకుండా, హామీదారు లేకుండా రుణం ఇవ్వాలి. ఏటా 8 లక్షల లోపు ఆదాయమున్న ఇళ్లకు 10 లక్షల దాకా రుణం మీద 3 శాతం వడ్డీ రాయితీ కూడా ఉంది, కాకపోతే ఏడాదికి లక్ష మందికే. మొదటి జాబితాలో దేశం మొత్తానికి 860 సంస్థలే. మీరు చూస్తున్న కాలేజీ ఆ జాబితాలో ఉందా? లేకపోతే ఎందుకు లేదని అడగండి. అడిగితే సీటివ్వరని భయమా? ఇవ్వకపోతే పీడ పోయింది. డబ్బిచ్చేవాడు ప్రశ్న అడిగితే మొహం మాడ్చుకునే చోట మీ బిడ్డ నాలుగేళ్లలో ఏం ప్రశ్నించడం నేర్చుకుంటుంది?

విద్యార్థులారా, మీకో సవాలు. సినిమా టికెట్టు బుక్ చేసేముందు పది రివ్యూలు చదివే మీరు, మీ బ్రాంచిలో రెండో ఏడాది ఏ సబ్జెక్టులుంటాయో ఒక్కసారైనా చూశారా? సిలబస్ ఎవరికైనా దొరికే కాగితం. గంట చాలు. ఆ గంట కేటాయించని వాళ్లు నాన్న బలవంతం చేశాడని రేపు ఏడవొద్దు. నాన్నకు తెలియకపోవచ్చు. చెప్పాల్సింది మీరు. నోరు తెరవండి.

పాలకులారా, మీకు సవాలు కాదు, డిమాండ్. విద్యా సంవత్సరం ముగిసేలోగా ఫీజు చెల్లించండి. చెల్లించలేకపోతే ఆ బాకీ మీదని పిల్ల చేతికి కాగితం ఇచ్చి, ఆ కాగితం చూపిస్తే సర్టిఫికెట్లు ఇచ్చి తీరాలని చట్టం చేయండి. సర్టిఫికెట్లు ఆపిన కాలేజీ అనుబంధ గుర్తింపు ఆపండి. మొదటి ఏడాది చివర్లో ఒక్కసారి బ్రాంచి మార్చుకునే హక్కు ప్రతి కాలేజీలోనూ ఇవ్వండి, మారినా సాయం వెంట రావాలి. సాయం పిల్లకివ్వండి. బ్రాంచికి కాదు, కాలేజీకి కాదు. ఇవేవీ గొంతెమ్మ కోర్కెలు కావు. మీ పిల్లలకు మీరు ఇస్తున్నవే.

ఈ మాటలకు యాజమాన్యాలకు కోపం వస్తుంది. రానివ్వండి. పథకాల పేరు చెప్పుకుని బతికే పార్టీలకు కోపం వస్తుంది. రానివ్వండి. నాకు కావాల్సింది ఈ జూలైలోనో ఆగస్టులోనో నెట్ సెంటర్ కుర్చీ వెనక నిలబడే ఆ ఒక్క పిల్ల. ఆమె కోసం మీకు ఒకే మాట చెబుతున్నాను. ఫీజు మొత్తం ఎంత, సర్కారు డబ్బు ఆలస్యమైతే సర్టిఫికెట్లు ఆపుతారా, బ్రాంచి పడకపోతే మారే దారేది? ఈ మూడింటికీ సంతకం పెట్టి కాగితం మీద జవాబివ్వని కాలేజీ కోడ్‌ను మీ ఆప్షన్లలో పెట్టకండి.